జానీ యునైటస్ అంకెలు ఇప్పటి లెక్కతో చూస్తే తక్కువగా ఉన్నాయి, వ్యాసంలో ఎలా రాయాలి?

నల్లకుంట పాఠకుడు

జానీ యునైటస్ మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. 1956 నుంచి 1973 దాకా, ఎక్కువగా బాల్టిమోర్ కోల్ట్స్ జట్టుకి ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు. చదివేవాళ్లు ఎక్కువగా హైదరాబాద్ వాళ్లే. మన ఊళ్లో ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదే: కోచ్ రహీం సాబ్, సిటీ పోలీస్ జట్టు, 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు. అందుకే పరుగెత్తేదెవరు, విసిరేదెవరు అన్న దగ్గర్నుంచి చెప్పుకుంటూ వస్తున్నాను. అక్కడిదాకా ఇబ్బంది లేదు. అంకెల దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాను.

మొదటిది, కెరీర్ మొత్తానికి పాసర్ రేటింగ్ (పాసులు ఎంత బాగా వేశాడో చెప్పే మార్కు) 78.2. ఇవాళ ఆ రేటింగ్‌తో ఆడేవాణ్ణి బెంచీ మీద కూర్చోబెడతారు. 290 టచ్‌డౌన్ పాసులు (అవతలి చివరి గీత దాటించి స్కోరు తెచ్చినవి) వేస్తే, 253 పాసులు అవతలి జట్టు చేతిలో పడ్డాయి. చదివేవాళ్లు "ఇతనేనా అంత గొప్పవాడు?" అని అడుగుతారు.

రెండోది, వరుసగా 47 మ్యాచ్‌ల్లో టచ్‌డౌన్ పాస్ వేశాడు అంటారు. కానీ 1958లో గాయమై రెండు మ్యాచ్‌లు అసలు ఆడనేలేదు. మరి వరుస ఎందుకు తెగలేదు?

మూడోది, కోల్ట్స్ గెలిచిన 1958 ఫైనల్ స్కోరు 23-17. రెగ్యులర్ టైంలో 17-17. ఆ తర్వాత టచ్‌డౌన్ చేస్తే 6, కిక్కుకి 1, కలిపి 24 అవ్వాలి కదా? 23 అని అన్నిచోట్లా ఉంది కాబట్టి అచ్చుతప్పు కాదు.

ఇంకోటి: యార్డుని "గజం" అని రాయొచ్చా?

తార్నాక అంకెలాయన

రేటింగ్ సంగతి నేను చెప్తాను. ముందు ఆ 78.2 ఎలా వచ్చిందో ఒకసారి చేత్తో వేసి చూడండి, సగం అనుమానం అక్కడే పోతుంది.

కావలసినవి ఐదు అంకెలు: వేసిన పాసులు 5,186, సొంత జట్టువాళ్లకి చేరినవి 2,830, గజాలు 40,239, టచ్‌డౌన్లు 290, ఇంటర్‌సెప్షన్లు (అవతలి జట్టు చేతిలో పడ్డవి) 253.

చేరిన పాసుల శాతం 54.57. అందులోంచి 30 తీసేసి 0.05తో గుణిస్తే 1.229. పాసుకి సగటున 7.76 గజాలు. 3 తీసేసి 0.25తో గుణిస్తే 1.190. టచ్‌డౌన్ల శాతం 5.59, దాన్ని 0.2తో గుణిస్తే 1.118. ఇంటర్‌సెప్షన్ల శాతం 4.88, దాన్ని 0.25తో గుణించి, వచ్చినదాన్ని 2.375లోంచి తీసేస్తే 1.155. నాలుగూ కూడితే 4.692. ఆరుతో భాగించి వందతో గుణిస్తే 78.2.

ఒక్కో భాగం సున్నాకి తగ్గకూడదు, 2.375 దాటకూడదు. అందుకే ఎంత బాగా ఆడినా రేటింగ్ 158.3 దగ్గర ఆగిపోతుంది. లెక్క వేసేటప్పుడు రెండు తప్పులు ఎక్కువగా జరుగుతాయి. ఒకటి, ఒక్కో సీజన్ రేటింగ్ తీసుకుని వాటి సగటు కట్టడం. అది తప్పు, మొత్తం అంకెల మీదే వేయాలి. రెండోది, శాతాలను ముందే గుండ్రం చేసేయడం. చివరి దశాంశం మారిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఫార్ములాని లీగ్ తీసుకున్నది 1973లో. అది యునైటస్ ఆఖరి సీజన్. అంటే ఆయన ఈ కొలబద్ద కింద ఆడింది ఒక్క ఏడాది, అదీ 40 ఏళ్ల వయసులో. పైగా ఈ ఫార్ములా, దగ్గరగా వేసిన చిన్న చిన్న పాసులు చేరినా మార్కులిస్తుంది. 50లలో పాస్ వేయడమంటే దూరంగా వేయడమే. ఆ 7.76 చూడండి, ఇవాళ్టి లీగ్ సగటు 7 చుట్టూనే తిరుగుతుంటుంది. ఆయన బలం అక్కడుంది. చేరిన పాసుల భాగాన్నీ, ఇంటర్‌సెప్షన్ల భాగాన్నీ కిందికి లాగింది ఆనాటి రూల్స్.

ఆ రూల్స్‌లో మూడు చెప్తే చాలు. 1978 దాకా డిఫెన్స్ వాళ్లు, పాస్ అందుకోవడానికి పరుగెత్తేవాణ్ణి ఐదు గజాలు దాటాక కూడా గుద్దొచ్చు, తోయొచ్చు. బంతి గాల్లోకి లేవకముందు అయితే చాలు. ఆ ఏడాదే ఐదు గజాల గీత గీశారు. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్ వాళ్లు చేతులు చాపి తోసే వీలు కూడా 1978లోనే వచ్చింది. అంతకుముందు చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని భుజాలతోనే ఆపాలి. మూడోది, హెల్మెట్‌లో రేడియో లేదు. 1956లో క్లీవ్‌లాండ్ కోచ్ పాల్ బ్రౌన్ పెట్టి చూశాడు, కమిషనర్ వెంటనే ఆపించేశాడు. మళ్లీ వచ్చింది 1994లో. కాబట్టి ఏ ప్లే (ఎత్తుగడ) ఆడాలో మైదానంలో నిలబడి యునైటసే చెప్పేవాడు. వ్యాసంలో దీనికి ఒక పేరా ఇవ్వండి. ఆయన గొప్పతనంలో సగం చేతిలో ఉంటే సగం ఆ ప్లేలు ఎంచుకోవడంలో ఉంది.

253 ఇంటర్‌సెప్షన్లకి భయపడకండి. పక్కన ఆనాటి క్వార్టర్‌బ్యాక్‌లను పెట్టండి. బాబీ లేన్ 196 టచ్‌డౌన్లకి 243. టిటిల్ 242కి 248. వాన్ బ్రాక్లిన్ 173కి 178. ముగ్గురూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో (మేటి ఆటగాళ్ల గౌరవ జాబితాలో) ఉన్నారు, ముగ్గురికీ ఇంటర్‌సెప్షన్లే ఎక్కువ. 290కి 253 అంటే ఏమిటో అప్పుడు కనబడుతుంది.

ఈసీఐఎల్ ఎదురుమాట

పైన చెప్పినదాంట్లో ఒక మెలిక ఉందండి. "ఆ రోజుల్లో అందరికీ తక్కువే" అని రాసేస్తే, ఎవరో ఒకరు క్లీవ్‌లాండ్ క్వార్టర్‌బ్యాక్ ఆటో గ్రాహమ్‌ని తెచ్చి ముందు పెడతారు. 1946 నుంచి 55 దాకా పది సీజన్లు, పదింటిలోనూ ఫైనల్, ఏడు టైటిళ్లు, రేటింగ్ 86.6. మరి అతనికి ఎలా వచ్చింది?

తార్నాక అంకెలాయన

మంచి మెలికే. గ్రాహమ్ మొదటి నాలుగేళ్లు వేరే లీగ్‌లో ఆడాడు. అక్కడ 86 టచ్‌డౌన్లు, 41 ఇంటర్‌సెప్షన్లు. 1950లో ఆ లీగ్ మూతపడి క్లీవ్‌లాండ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి, అంటే యునైటస్ ఆడిన లీగ్‌లోకి, వచ్చింది. అక్కడి ఆరేళ్లు విడిగా తీయండి: 1,565 పాసులు, 872 చేరినవి, 13,499 గజాలు, 88 టచ్‌డౌన్లు, 94 ఇంటర్‌సెప్షన్లు. పైన చెప్పిన లెక్కే వేస్తే ఎంతొస్తుందో చూడండి. 78.2!

ఇద్దరికీ అదే అంకె రావడం కాకతాళీయమే, దాని మీద సిద్ధాంతం కట్టకండి. వ్యాసంలో మాత్రం ఒక వాక్యానికి భలే పనికొస్తుంది.

మలక్‌పేట్ 19

47 మ్యాచ్‌ల లెక్క నేను చెప్తా అన్నా. అండ్ల తిరకాసు ఏం లేదు. వరుస అంటే జట్టు ఆడిన మ్యాచ్‌లు కావు, ఆయన ఆడిన మ్యాచ్‌లు. ఆయన దిగని మ్యాచ్ లెక్కలకే రాదు.

కూడి చూడు. 1956ల ఆఖరి 3. 1957ల 12. 1958ల 10. 1959ల 12. 1960ల 10. మొత్తం 47. అప్పట్ల సీజన్‌కి 12 మ్యాచ్‌లే, 14 అయింది 1961 నుంచి. 1956 డిసెంబర్ 9న మొదలైంది, 1960 డిసెంబర్ 11న లాస్ ఏంజలస్‌ల ఆగింది. ఫైనల్ మ్యాచ్‌లు ఇండ్ల కలపరు. చాలామంది 1958, 59 ఫైనల్స్ గూడ కలిపి 49 అని రాస్తరు, గట్ల రాయకు.

1958ల ఏమైందంటే, నవంబర్ 2న గ్రీన్ బే మీద ఆడుతుంటే పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తికి గుచ్చుకున్నయి. ఆ మ్యాచ్ కోల్ట్స్ వాళ్లు 56-0తోని గెలిచిన్రు. రెండు మ్యాచ్‌లు కూసున్నడు. నవంబర్ 23న రామ్స్ మీద పక్కటెముకలకు కవచం కట్టుకొని దిగి, మొదటి పాసే లెనీ మూర్‌కి 58 గజాల టచ్‌డౌన్.

రికార్డు 52 ఏండ్లు నిలబడ్డది. 2012 అక్టోబర్‌ల డ్రూ బ్రీస్ దాటిండు. 12 మ్యాచ్‌ల సీజన్ల ఆడి నాలుగేండ్లు నిలబెట్టినోడి రికార్డు అని ఒక ముక్క రాయి, సరిపోతది.

గజాల గౌలిగూడ

గజం రాయొచ్చు, బాగుంటుంది కూడా. యార్డు, గజం రెండూ మూడడుగులే, మార్చాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త. హైదరాబాద్‌లో "200 గజాలు" అంటే వినేవాళ్ల బుర్రలోకి ప్లాటు వస్తుంది, అంటే చదరపు గజాలు. కాబట్టి మొదటిసారి వాడినప్పుడు "గజాల దూరం" అని రాయండి, ఆ తర్వాత గజం అంటే చాలు. మైదానం కొలత ఇలా చెప్పండి: రెండు చివర్ల ఎండ్ జోన్లతో కలిపి పొడవు 120 గజాలు, వెడల్పు 53 గజాల ఒక అడుగు. మొత్తం 6,400 చదరపు గజాలు, ఎకరం మీద దాదాపు మూడో వంతు. మన ఊళ్లో ఇంతకంటే బాగా ఎవరికీ అర్థం కాదు.

ఇక మీరడిగిన 1958 ఫైనల్: డిసెంబర్ 28, యాంకీ స్టేడియం, బాల్టిమోర్ కోల్ట్స్, న్యూయార్క్ జెయింట్స్. అదే మ్యాచ్‌ని రెండు ఘట్టాలుగా విడదీయండి, మిగతాది వదిలేసినా పర్వాలేదు.

మొదటి ఘట్టం: జెయింట్స్ 17-14 ఆధిక్యంలో ఉన్నారు. కోల్ట్స్‌కి బంతి వచ్చింది తమ 14 గజాల గీత దగ్గర (తమ గోల్ లైన్ నుంచి 14 గజాలు), గడియారంలో రెండు నిమిషాలు కూడా లేవు. లెనీ మూర్‌కి 11 గజాల పాస్, అంటే 25వ గీత. తర్వాత వరుసగా మూడు పాసులూ రేమండ్ బెర్రీకే. 25 గజాలు, నట్టనడి గీత మీదికి. 15 గజాలు, జెయింట్స్ 35 మీదికి. 22 గజాలు, 13 మీదికి. ఆ ఆఖరిది సరిగ్గా ఒక క్రికెట్ పిచ్ పొడవు. అక్కడి నుంచి స్టీవ్ మైరా 20 గజాల ఫీల్డ్ గోల్ (గోల్ పోస్టుల మధ్యకి కిక్కు, 3 పాయింట్లు) కొట్టాడు, ఇంకా 7 సెకన్లు ఉన్నాయి. 17-17.

ఇక్కడ చాలామంది తడబడతారు. 13వ గీత దగ్గర ఆగితే కిక్కు 20 గజాలే ఎలా అయింది? అప్పట్లో గోల్ పోస్టులు గోల్ లైన్ మీదే ఉండేవి, ఎండ్ జోన్ వెనక కాదు. వెనక్కి జరిపింది 1974లో. బంతి పట్టి నిలబెట్టేవాడు గీతకి ఏడు గజాలు వెనక ఉంటాడు: 13 కి 7 కలిపితే 20. ఇవాళ అదే చోట నుంచి కొడితే 30 గజాల కిక్కు అంటారు. మైరా కిక్కు కోసమే ఉన్న ఆటగాడు కూడా కాదు. అసలు పని లైన్‌బ్యాకర్, గార్డు, అంటే ఎదుటివాళ్లని ఆపడం. జట్టుకి 35 మందే ఉంటే కిక్కుకని విడిగా ఒకణ్ణి పోషించలేరు.

రెండో ఘట్టం, అదనపు సమయం. ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్లో సడన్ డెత్ అదే మొదటిసారి, ముందు ఎవరు స్కోరు చేస్తే వాళ్లదే. టాస్ గెలిచిన జెయింట్స్ బంతి తీసుకుని ముందుకు పోలేక పంట్ కొట్టేశారు, అంటే బంతిని అవతలివాళ్లకి దూరంగా తన్నేశారు. కోల్ట్స్ తమ 20 నుంచి 80 గజాలు 13 ప్లేలలో నడిచారు. ఒక గజం దూరంలోకి వచ్చాక అలన్ అమీచీ బంతి పట్టుకుని దూరాడు. అదనపు సమయం 8 నిమిషాల 15 సెకన్లు అయింది. స్కోరు చేయగానే ఆట అయిపోయింది కాబట్టి, ఆ ఒక పాయింటు కిక్కు కొట్టనే లేదు. 17కి 6 కలిపితే 23. మీ మూడో ప్రశ్నకి జవాబు అంతే.

ఆ మ్యాచ్‌లో యునైటస్ 40 పాసులు వేసి 26 చేర్చాడు, 349 గజాలు. బెర్రీ ఒక్కడే 12 పాసులు పట్టి 178 గజాలు. బెర్రీ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడం) 20వ రౌండ్‌లో ఎంపికైనవాడు. ప్రాక్టీసు అయిపోయాక వీళ్లిద్దరే మైదానంలో ఉండిపోయి, ఎన్ని అడుగుల తర్వాత తిరగాలి, తిరగకముందే బంతి ఎక్కడికి రావాలి అని మళ్లీ మళ్లీ చేసేవాళ్లు. ఆ మూడు పాసులు అలా వచ్చినవే.

నల్లకుంట పాఠకుడు

అందరికీ థాంక్సండీ. జీవిత విశేషాల పేరా ఇలా రాశాను, ఒకసారి చూడండి:

"జానీ యూనిటాస్ 1933 మే 7న పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. లూయీవిల్ యూనివర్సిటీలో ఆడాడు. 1955లో స్టీలర్స్ తొమ్మిదో రౌండ్‌లో ఎంపిక చేసి, కొన్ని మ్యాచ్‌ల తర్వాత తీసేశారు. 1956లో బాల్టిమోర్ చేరాడు. కోల్ట్స్ తరఫున 40,000 గజాలు దాటిన మొదటి క్వార్టర్‌బ్యాక్. 1958, 1959 టైటిళ్లు, 1970లో సూపర్ బౌల్ గెలిచాడు. 1979లో హాల్ ఆఫ్ ఫేమ్. 2002 సెప్టెంబర్ 11న గుండెపోటుతో చనిపోయాడు. ఆయన జట్టునే ఇప్పుడు రేవెన్స్ అంటారు."

తార్నాక అంకెలాయన

ఐదు దిద్దుబాట్లు.

పేరు: యు-నై-టస్. యూనిటాస్ కాదు. అలాగే కోల్ట్స్‌లో ఆయన మొదటి కోచ్ పేరు రాసేటట్టయితే ఈవ్‌బ్యాంక్ కాదు, యూబ్యాంక్.

స్టీలర్స్: "కొన్ని మ్యాచ్‌ల తర్వాత" కాదు, సీజన్ మొదలవకముందే. ప్రదర్శన మ్యాచ్‌ల్లో కూడా ఒక్క పాస్ వేయనివ్వలేదు. జట్టులో క్వార్టర్‌బ్యాక్‌లుగా ఫింక్స్, మార్కిబ్రోడా, ఈటన్ ఉన్నారు, మొత్తం 33 మందికే చోటు. ఎంపిక 102వది. అప్పట్లో 30 రౌండ్లు ఉండేవి కాబట్టి తొమ్మిదో రౌండ్ అంటే మరీ అడుగున కాదు, అది కూడా రాయండి. ఆ ఏడాది పిట్స్‌బర్గ్‌లోనే నిర్మాణ పనులు చేసుకుంటూ బ్లూమ్‌ఫీల్డ్ రామ్స్ అనే చిన్న జట్టుకి మ్యాచ్‌కి 6 డాలర్లకి ఆడాడు. ఆ తర్వాత కోల్ట్స్ ఇచ్చిన ఒప్పందం ఏడాదికి 7,000 డాలర్లు.

40,000 గజాలు: ఇది అందరూ చేసే తప్పు. కోల్ట్స్ తరఫున ఆయనవి 39,768. మిగతా 471 శాన్ డియేగో చార్జర్స్‌కి 1973లో. మొత్తం 40,239. గీత దాటింది శాన్ డియేగో జెర్సీలో.

సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్): 1970 సీజన్‌ది, మ్యాచ్ జరిగింది 1971 జనవరి 17న. డల్లాస్ మీద 16-13. సీజన్ ఏడాది, మ్యాచ్ తేదీ రెండూ రాయండి, లేకపోతే చదివేవాళ్లు తప్పు అనుకుంటారు. అందులో యునైటస్ వేసిన 75 గజాల టచ్‌డౌన్ పాస్ మొదట సొంత జట్టు హింటన్ వేళ్లకి, తర్వాత డల్లాస్ రెన్‌ఫ్రో చేతికి తగిలి, సొంత జట్టు మ్యాకీకి అందింది. అప్పటి రూల్ ప్రకారం ఒకే జట్టువాళ్లిద్దరు వెంటవెంటనే ముట్టుకుంటే చెల్లదు. మధ్యలో రెన్‌ఫ్రో చెయ్యి తగిలింది కాబట్టే చెల్లింది. రెండో క్వార్టర్‌లో పక్కటెముకలకి దెబ్బ తగిలి యునైటస్ బయటికి వెళ్లాడు, మ్యాచ్ ముగించింది జట్టులోని ఇంకో క్వార్టర్‌బ్యాక్ మారల్. కాబట్టి "గెలిపించాడు" అని రాయకండి.

రేవెన్స్: కోల్ట్స్ 1984లో ఇండియానాపొలిస్ వెళ్లిపోయారు, ఇప్పటికీ కోల్ట్సే. రేవెన్స్ 1996లో బాల్టిమోర్‌కి వచ్చిన వేరే జట్టు. కానీ యునైటస్ విగ్రహం రేవెన్స్ స్టేడియం ముందుంది, తికమక అక్కడే మొదలవుతుంది.

మలక్‌పేట్ 19

ఇంకో రెండు ముక్కలు పెట్టు అన్నా. గట్టిగా ఆడిన మొదటి మ్యాచ్ మస్తు ఘోరం. 1956 అక్టోబర్‌ల షికాగో బేర్స్ మీద అప్పటి క్వార్టర్‌బ్యాక్ షా కాలికి దెబ్బ తగిలితే ఈయన్ని దింపిన్రు. ఆ మ్యాచ్‌ల మొదటి పాస్ అవతలోడు పట్టుకొని టచ్‌డౌన్ దాకా ఉరికిండు. ఆ వెంటనే బంతి అందిచ్చేకాడ జారింది. 58-27తోని ఓడిపోయిన్రు. 78.2 పేరా కంటే ముందు ఇది పెడితే మంచిగుంటది.

ఆఖరుకి కుడి చెయ్యి సంగతి గూడ పెట్టు. 1968ల సీజన్ ముందు ప్రదర్శన మ్యాచ్‌ల మోచేతి కండరం చిరిగింది, ఆ ఏడాది ఎక్కువ మారలే ఆడిండు. 1969 జనవరిల సూపర్ బౌల్ 16-7తోని ఓడిపోయింది ఎవరి చేతుల? యూబ్యాంక్ కోచ్‌గా ఉన్న జెట్స్ చేతుల. ముసలితనంల ఆ కుడిచెయ్యి వేళ్లు మడతపడేటివి కావు. గోల్ఫ్ ఆడాలంటే ఎడమ చేత్తో కుడి వేళ్లను కర్ర చుట్టూ మడిచి, వెల్‌క్రో పట్టీతోని బిగించుకునేటోడు.

నల్లకుంట పాఠకుడు

అన్నీ మార్చాను. షికాగో మ్యాచ్ మొదట్లో పెట్టాను, 39,768 సరిచేశాను. "గజాల దూరం" కూడా మొదటి పేరాలోనే వచ్చింది. గ్రాహమ్ 78.2 వాక్యం ఉంచాను. వెల్‌క్రో పట్టీతో వ్యాసం ఆపేశాను.